పదకొండేళ్లు, అరవై మూడు వేల మైళ్లు: మా 1994 మియాటా

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే నేను చేసే మొదటి పని, కారు తలుపు తీసి సీట్ల వెనక కార్పెట్ మీద అరచెయ్యి ఆనించి చూడటం. పొడిగా ఉంటే ఇంట్లోకి వెళ్లి కాఫీ తాగుతాను. తడిగా ఉంటే కాఫీ కూడా కారు దగ్గరికే వస్తుంది. పదకొండేళ్లుగా ఇదే వరస.

కారు మాజ్డా ఎంఎక్స్-5 మియాటా, గుడ్డ టాప్ వెనక్కి మడిచే రెండు సీట్ల చిన్న కారు. 1994 మోడల్, ఎరుపు రంగు, ఐదు గేర్ల మాన్యువల్. 2013లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక పెద్దాయన దగ్గర 4,200 డాలర్లకు కొన్నాను. అప్పటికి 98 వేల మైళ్లు తిరిగి ఉంది. ఇప్పుడు మీటరు 1,61,000 దాటింది. ఆఫీసుకు తీసుకెళ్లాను, కొండలెక్కించాను, రెండుసార్లు లాస్ ఏంజిలిస్ దాకా పోయొచ్చాను. ఇంట్లో ఇంకో పెద్ద కారు ఉంది కాబట్టే ఇదంతా సాగింది. ఉన్న ఒక్క కారూ ఇదే అయితే ఈ సమీక్ష వేరేలా ఉండేది, లేదా అసలు ఉండేది కాదు.

కొన్న కొత్తలో వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ, "పైకప్పు లేనిదానికి అంత డబ్బు పోశావేంట్రా, ఎండకి నల్లబడిపోతావు" అంది. నాన్న మాత్రం ఇక్కడికొచ్చినప్పుడు కూర్చుని, ఊరవతల దాకా తిరిగొచ్చి, దిగుతూ "చేతక్‌కి నాలుగు చక్రాలు పెట్టినట్టుందిరా" అన్నారు. ఈ కారు గురించి నేను చదివిన వర్ణనలన్నిటికంటే నాకు ఆ మాటే ఎక్కువ నచ్చింది. గాలి తగులుతుంది, రోడ్డు వాసన తెలుస్తుంది, ఇంజన్ ఏం చేస్తోందో ఒంటికి తెలుస్తుంది.

శక్తి సంగతి ముందే చెప్పేస్తాను. 1990 నుంచి 93 దాకా వచ్చిన వాటిలో 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్. 1994లో 1.8 లీటర్లు చేసి 128కి పెంచారు. మా ఆవిడ నడిపే క్యామ్రీకి ఇంతకంటే బలం ఎక్కువ. సిగ్నల్ దగ్గర మినీవ్యాన్ కూడా దీన్ని దాటిపోతుంది, దాటిపోయింది కూడా. కానీ బరువు వెయ్యి కేజీల పైన కొంచెమే. ముందు వెనక చక్రాల మీద ఆ బరువు దాదాపు సగం సగం పడుతుంది. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్నీ పైనా కిందా రెండు చేతులు పట్టుకున్నట్టు. గేర్‌బాక్సునీ, వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌నీ కలుపుతూ పొడవాటి అల్యూమినియం దూలం ఒకటి ఉంటుంది, అందువల్ల యాక్సిలరేటర్ నొక్కితే మధ్యలో ఎక్కడా ఊగిసలాట ఉండదు. గేర్ రాడ్ కదిలే దూరం చాలా తక్కువ, మణికట్టు తిప్పితే చాలు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన ఈ కారు గురించి కంపెనీ చెప్పుకునే మాట 'జిన్‌బా ఇత్తాయ్', అంటే గుర్రమూ రౌతూ ఒకటే కావడం. ప్రకటనల మాటలు నేను మామూలుగా నమ్మను. దీన్ని మాత్రం మౌంట్ హామిల్టన్ రోడ్డు మీద నమ్మాను.

ఆ దారి గురించి చెప్పాలి. లివర్‌మోర్ శివవిష్ణు ఆలయం ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ తెలుసు. శనివారం పొద్దున్నే దర్శనం చేసుకుని అందరూ వచ్చిన హైవే మీదే తిరిగి వెళ్తారు. నేను దక్షిణంగా మైన్స్ రోడ్డు ఎక్కుతాను. మొదట ఎండిన గడ్డి కొండలు, తర్వాత ఓక్ చెట్లు, ఎదురొచ్చే బండి పావుగంటకొకటి. శాన్ ఆంటోనియో లోయ దాటాక చడావు మొదలై 4,200 అడుగుల ఎత్తున నక్షత్రాలను చూసే లిక్ అబ్జర్వేటరీ దగ్గరికి చేరుతుంది. అక్కడినుంచి శాన్ హోజేకి దిగేదే మౌంట్ హామిల్టన్ రోడ్డు, 1870లలో వేసినది. అబ్జర్వేటరీ సామాను గుర్రబ్బళ్లు లాక్కెళ్లాలి కాబట్టి వాలు ఎక్కడా ఎక్కువ కాకుండా కొండ చుట్టూ మెలికలు తిప్పుకుంటూ పోయారు. మొత్తం 365 మలుపులని చెబుతారు. నేను ఎప్పుడూ ఇరవై దాటి లెక్కపెట్టలేదు, అప్పటికి లెక్క మీద ధ్యాస పోతుంది.

గుర్రాల కోసం వేసిన రోడ్డు ఈ కారుకు కొలతలు తీసి కుట్టినట్టు ఉంటుంది. వాలు తక్కువ కాబట్టి ఇంజన్ ఆయాసపడదు. మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి బలమున్న కారుకి ఆ బలం వాడుకునే చోటే దొరకదు. నేను రెండో గేరు, మూడో గేరు మధ్య తిరుగుతూ గంటకు ముప్పై, నలభై మైళ్ల లోపే ఉంటాను. నా కారుకి పవర్ స్టీరింగ్ లేదు. పార్కింగ్‌లో తిప్పాలంటే రోట్లో గోంగూర పచ్చడి నూరినంత పని. కదిలాక మాత్రం తేలికైపోతుంది, ముందు టైరు కింద ఇసుక ఉందా, తారు మారిందా అనేది వేళ్లకు తెలిసిపోతుంది. స్పీడు లిమిట్ దాటకుండానే ఒళ్లంతా మెలకువగా ఉంటుంది. లైసెన్సు మీద ఇన్నేళ్లలో ఒక్క టికెట్ కూడా లేకపోవడానికి కారణం నా బుద్ధిమంతనం అని మా ఆవిడ అనుకుంటుంది.

ఈ దారిలో పోయేవాళ్లు లివర్‌మోర్‌లోనే ట్యాంకు నింపుకోండి. కొండల్లో బంకు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి.

హైవే మీద సీను మారిపోతుంది. గంటకు 70 మైళ్ల దగ్గర ఐదో గేరులో ఇంజన్ నిమిషానికి సుమారు 3,500 చుట్లు తిరుగుతుంటుంది. ఆరో గేరు కోసం చెయ్యి దానంతటదే పోతుంది, అక్కడ ఏమీ ఉండదు. టాప్ తీస్తే గాలి హోరు, వేస్తే గుడ్డ పటపటలు. గంట దాటితే చెవుల్లో దూది పెట్టుకుంటాను. పక్కన ట్రక్కు వస్తే దాని చక్రం దాదాపు నా కళ్ల ఎత్తులో ఉంటుంది. పెద్ద ఎస్‌యూవీ వాళ్లకి మనం కనిపించం అని గట్టిగా నమ్మి నడపాలి. అందుకే పట్టపగలు కూడా హెడ్‌లైట్లు పైకి లేపి పోతాను. ఆ లేచే లైట్లు చూసి పక్క కార్లలో పిల్లలు చేతులూపుతారు. అది ఉచితంగా వచ్చే లాభం.

వాసనల గురించి ఒక్క మాట. 101 హైవే మీద గిల్రాయ్ దాటుతుంటే వెల్లుల్లి వాసన ముంచెత్తుతుంది. మూసిన కార్లో పోయినప్పుడు ఆ ఊరి పేరు ఒక బోర్డు మాత్రమే. ఇందులో పోతే అమ్మ వెల్లుల్లి కారం దంచుతున్న వంటింట్లోంచి నడిచిపోయినట్టు ఉంటుంది. ఆకలేస్తుంది కూడా.

ఇక మళ్లీ నీళ్ల దగ్గరికి. ఈ కారు కొనాలనుకునేవాళ్లు ఇంజన్ గురించి వంద ప్రశ్నలు వేస్తారు. ఇంజన్ గురించి దిగులు అక్కర్లేదు. అరవై వేల మైళ్లకోసారి టైమింగ్ బెల్టు, దాంతోపాటే వాటర్ పంపు మార్చుకుంటే చాలు. ఖర్మ కాలి బెల్టు తెగినా ఈ తరం ఇంజన్లలో వాల్వులూ పిస్టన్లూ ఢీకొనవు. ఆయిల్ ఫిల్టర్ మాత్రం ఇన్‌టేక్ గొట్టాల కింద దాక్కుని ఉంటుంది, విప్పిన ప్రతిసారీ నూనె మోచేతి దాకా కారుతుంది. పాత గుడ్డ చుట్టుకోండి. చలి పొద్దుల్లో టకటకమని శబ్దం వస్తే కంగారు పడకండి, వాల్వ్ లిఫ్టర్లలోకి ఆయిల్ చేరాక తగ్గిపోతుంది.

దీన్ని తినేసేది నీరు. టాప్ మీద పడ్డ వాన వెనక అంచున ఉన్న తొట్టిలోకి జారి, సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న గొట్టాల్లోంచి కారు కిందికి పోవాలి. ఆకులూ దుమ్మూ ఆ గొట్టాల్లో చేరితే నీరు పొంగి లోపలికొస్తుంది. కొంత కార్పెట్‌లోకి, కొంత తలుపుల కింద ఉండే డొల్ల దూలాల్లోకి దిగుతుంది. అక్కడ తుప్పు లోపలినుంచి బయటికి తింటూ వస్తుంది. వెనక చక్రానికి కొంచెం ముందు పెయింటు చిన్న బుడగలా ఉబ్బి కనిపించిందంటే లోపల పని చాలావరకు అయిపోయినట్టే. నేను కొన్నప్పుడు ఆ చోట వేలితో తడిమి చూడమని చెప్పినవాళ్లు లేరు. అదృష్టం కొద్దీ ఎడమపక్క గట్టిగా ఉంది. కుడిపక్క బుడగ నాకు 2015 చలికాలంలో కనపడింది. కోసి కొత్త రేకు అతికించడానికి 1,100 డాలర్లు అయింది. కారు ధరలో నాలుగో వంతు పైన.

అప్పటినుంచి అక్టోబరు వస్తే గొట్టాలు శుభ్రం చేస్తాను. గడ్డి కోసే మెషీన్లకు వాడే మందపాటి ప్లాస్టిక్ తీగ ఒక గజం తీసుకుని, పైనుంచి నెమ్మదిగా పొడుస్తూ దింపడమే. గాలి పంపుతో కొట్టకండి, లోపల గొట్టం ఊడిపోతే కథ మొదటికొస్తుంది. తర్వాత సీసాతో నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడాలి. పది నిమిషాల పని. 1,100 డాలర్లు గుర్తొస్తే ఐదు నిమిషాల్లో అవుతుంది.

టాప్ విషయంలో ఇంకో తప్పు నేనే చేశాను. ఈ తరం బండ్లకి వెనక అద్దం ప్లాస్టిక్. టాప్ మడిచే ముందు దాని జిప్ తీసి, పరిచి, అప్పుడు వెనక్కి దించాలి. ఒకసారి మలుపు దగ్గర ఉన్నట్టుండి ఎండ రాగానే సంబరంలో జిప్ తీయకుండానే లాగేశాను. చలి పొద్దున బిగుసుకుని ఉన్న ప్లాస్టిక్ అప్పడంలా విరిగింది. వారం రోజులు టేపు వేసుకుని తిరిగి, చివరికి గాజు అద్దమున్న కొత్త టాప్ వేయించాను. ఆ డబ్బు నేను మొదటి నెలలోనే పెట్టాల్సింది.

మిగతావన్నీ వయసు తెచ్చేవి. ముప్పై ఏళ్ల రబ్బరు ముప్పై ఏళ్ల రబ్బరులాగే ప్రవర్తిస్తుంది. ఒకరోజు ఆఫీసు పార్కింగ్‌లో క్లచ్ పెడల్ నేలకు అతుక్కుపోయింది. కింద చిన్న సిలిండర్‌లో సీలు అరిగి ఆయిలంతా కారిపోయింది. కొత్తది చవక, రెండు బోల్టులు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశాను. రేడియేటర్ పై భాగం ప్లాస్టిక్, కొత్తలో నల్లగా ఉంటుంది. అది ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరిగితే పగలడానికి ముహూర్తం పెట్టుకుందన్నమాట. నాది రంగు మారగానే మార్చేశాను. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. దానికి సీలు చేసిన రకమే, ఆవిరి బయటికి పోయే గొట్టాలతో సహా పెట్టాలి. చవకని మామూలుది పెడితే ఆ ఆవిరికి డిక్కీ రేకు తుప్పెక్కుతుంది. ఏసీ 2016లో చచ్చిపోయింది. టాప్ లేని కారుకి ఏసీ ఏంటని వదిలేశాను, ప్రతి జులైలో పశ్చాత్తాపపడతాను.

ఒక షెడ్డువాళ్లు మాత్రం నన్ను బాగా ఏడిపించారు. పేరెందుకులెండి. వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేశామని బిల్లిచ్చారు, కారు మాత్రం హైవే మీద ఎడమకి పాకుతూనే ఉంది. ఈ కారుకి నాలుగు చక్రాలకూ అలైన్‌మెంట్ సర్దుకునే వీలుంది, వాళ్లు ముందు రెండే చూసి వదిలేశారని తర్వాత కొలత కాగితం అడిగి తీసుకున్నాక తెలిసింది. ఎక్కడ చేయించినా ముందు, తర్వాత కొలతలున్న కాగితం చేతికిచ్చాకే డబ్బులివ్వండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి రెండేళ్లకోసారి స్మాగ్ పరీక్ష, అంటే పొగ కాలుష్యం పరీక్ష ఉంటుంది. 2000, ఆ తర్వాతి మోడల్ కార్లకి కంప్యూటర్ తగిలించి చూస్తారు. నాలాంటి పాతవాటిని రోలర్ల మీద నడిపించి గొట్టంలోంచి వచ్చే పొగ కొలుస్తారు. వెళ్లే ముందు అరగంట హైవే మీద తిప్పి వేడిగా తీసుకెళ్లండి. 2019లో ఒకసారి ఫెయిలైంది. పొగలోని విషాన్ని తగ్గించే పాత క్యాటలిటిక్ కన్వర్టర్ అలిసిపోయింది. ఈ రాష్ట్రం ఆమోదించిన కన్వర్టరే వేయాలి, దాని ధర వేరే రాష్ట్రాల స్నేహితులకు చెబితే నవ్వుతారు.

భద్రత గురించి అబద్ధం చెప్పను. ఇది చిన్న కారు, పాత కారు. బోల్తా పడితే తలకి అడ్డు ఉండాలని రెండో ఏడే వెనక రోల్ బార్ వేయించాను. మా వాడు చిన్నప్పుడు ఇందులో ఎక్కనే లేదు. వెనక సీటు లేదు, ముందు ఎయిర్‌బ్యాగ్ ఆపే స్విచ్ లేదు. వాడు గేటు దగ్గర నిలబడి ఏడ్చిన రోజులున్నాయి. ఎనిమిదేళ్లు దాటాక సీటు పూర్తిగా వెనక్కి జరిపి, ఇంటి చుట్టుపక్కల వీధుల్లో మాత్రం తిప్పుతున్నాను.

స్నేహితుడి 2019 మోడల్ రెండు రోజులు నడిపాను. 181 హార్స్‌పవర్, ఆరు గేర్లు, టాప్ ఒక్క చేత్తో వెనక్కి. అన్ని విధాలా మేలైన కారు. రోజూ ఆఫీసుకు ఒంటరిగా పోయేవాళ్లకు అదే కొనమంటాను. నా కారుతో మార్చుకోవడానికి మాత్రం వాడే సిద్ధపడ్డాడు, నేను ఒప్పుకోలేదు.

తెనాలిలో మా బాబాయ్ ఇప్పటికీ అడుగుతుంటాడు, "ఒరేయ్ అబ్బాయ్, అది ఇక్కడికి తెచ్చుకోవచ్చు కదా" అని. ఎడమ స్టీరింగు, పాత బండి, దిగుమతి నిబంధనలు, అన్నీ అడ్డమే. అవి లేకపోయినా మే నెలలో తెనాలి ఎండకి టాప్ తీసే ధైర్యం నాకు లేదు.

పదకొండేళ్లలో పెట్రోలు, ఇన్సూరెన్సు కాకుండా మరమ్మతులకు తొమ్మిది వేల డాలర్లు దాటింది. అందులో కొంత, కొనే రోజు కార్పెట్ ఎత్తి చూసి ఉంటే, బేరంలో తగ్గేది. ఇప్పుడు డ్రైవరు వైపు కిటికీ అద్దం పైకి ఎక్కేటప్పుడు మూలుగుతోంది. లోపలి తీగ తెగబోతోందని అర్థం. కొత్త తీగ తెప్పించాను, అటకమీద ఉంది. గొట్టాల పని కూడా ఈ ఆదివారమే. మా వాడికి ఆ ప్లాస్టిక్ తీగ పట్టుకోవడం నేర్పుతానని మాటిచ్చాను.