ఉదయగిరి కొండ మీద పదకొండు, పామూరు బీట్లో ముప్పై నాలుగు

కార్తీక మాసంలో అందరూ శివాలయాలకి పోతా ఉంటే నేనూ మా బావమరిదీ గద్దల్ని లెక్కపెట్టడానికి మూడు రోజులు తిరిగొచ్చాం. ఇంట్లో నవ్వారనుకోండి. ఈ సీజన్లో ఎవరైనా పోదామనుకుంటే పనికొస్తుందని రాస్తున్నా.

మొదట ఉదయగిరి. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఆర్టీసీ బస్సు చాలు, కారు దండగ. బస్టాండ్ దగ్గర లాడ్జిలో రూము 900, దుప్పట్లు ఉతికినవే, గీజర్ స్విచ్ ఉంది గానీ గీజర్ లేదు. ఎదురుగా టీకొట్టాయన మాత్రం నాలుగున్నరకే పొయ్యి వెలిగిస్తాడు, నాకు అంతకంటే ఏం కావాలి. ఏడింటికి కొండ మీదున్నాం. మెట్లు చాలాచోట్ల పాడైపోయాయి, పైన నీళ్లు కొనడానికి దొరకవు, మనిషికి మూడు లీటర్లు మోసుకుపోవాల్సిందే. కృష్ణదేవరాయలు ఈ కోట కోసం ఏడాదిన్నర కింద ఎందుకు కూర్చున్నాడో మోకాళ్లకి తెలిసొచ్చింది.

అసలు ఏడింటికే ఎక్కడం మా తెలివితక్కువ. పెద్ద గద్దలు ఊరికే రెక్కలాడించి అలిసిపోవు, నేల కాగి వేడిగాలి పైకి లేచేదాకా చెట్ల మీదే కూర్చుంటాయి, తొమ్మిదిన్నర దాకా మాకు కాకులూ పావురాలే. తర్వాత ఒక పాముల గద్ద లోయ మీద ఒకేచోట రెక్కలు కొట్టుకుంటా నిలబడి కిందికి చూస్తా ఉంటే మా వాడు నోరు తెరుచుకుని లెక్క రాయడం మర్చిపోయాడు. మధ్యాహ్నానికి మొత్తం పదకొండు, అందులో ఆరు మన ఊళ్లో తిరిగే నల్ల గద్దలే.

జార్జియాలో బటుమి, మెక్సికోలో వెరాక్రూజ్ లాంటి చోట్ల అయితే కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుకు సందులోంచి వలస పోయే లక్షల గద్దలు పోవాలి కాబట్టి కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తే చాలు. మనకి అట్టాంటి సందు లేదు, పైగా వలస వచ్చేవాటిలో చాలావరకు చలికాలం ఇక్కడే ఉండిపోతాయి. అందుకే ఇక్కడ పొద్దుగూకే వేళ అవి పడుకునే చోట లెక్కపెట్టుకోవాలి.

రెండో రోజు పిల్లి గద్దల కోసం (ఇంగ్లీషులో హ్యారియర్లు, గడ్డి మీద తక్కువ ఎత్తులో ఎగిరే వలస గద్దలు) కారు మాట్లాడుకుని పామూరు వైపు మెట్ట భూముల్లోకి పోయాం. రోజుకి 2,800 అన్నాడు, పొద్దుగూకాక నైట్ బత్తా అన్నాడు, ముందే తేల్చుకోండి. గొర్రెలు మేపుకుంటున్న పెద్దాయన్ని అడిగితే "పిల్లి గద్దలా నాయనా, మిడతల కోసం వస్తాయి, ఆ బోదగడ్డిలోనే పడుకుంటాయి" అని కర్రతో చూపించాడు. ఆ బీడు ఎక్కడో మాత్రం రాయను, కెమెరాలేసుకుని గడ్డిలోకి నడిచేవాళ్లని చాలామందిని చూశా.

ఐదింటికి రోడ్డు మీదే చెరో దిక్కుకి తిరిగి కూర్చున్నాం. గడ్డికి మూరెడు ఎత్తులో, రెక్కలు కాస్త పైకి లేపి, ఒకటి తేలుకుంటా వచ్చింది. బూడిద రంగు ఒళ్లు, రెక్కల చివర్లు నల్లగా, మగది. దాని వెనక గోధుమ రంగు ఆడవి, తోక మొదట్లో తెల్లమచ్చ. దిగినదానికి ఒకటి కలిపి మళ్లీ లేచినదానికి ఒకటి తీసేస్తా పోవాలి, లేదంటే ఒకేదాన్ని నాలుగుసార్లు లెక్కపెడతాం. చీకటి పడేసరికి ముప్పై నాలుగు, మా వాడి లెక్కలో ముప్పై ఆరు, తక్కువదే రాసుకున్నాం.

మూడో రోజు పొద్దున సోమశిలలో ఒక కొరమీను గద్ద, కాళ్లలో చేపని తల ముందుకి పెట్టుకుని విమానంలాగా పోయింది, అంతే, గంటలో బయటపడ్డాం. మైపాడు బీచ్ రిసార్టు 3,800, ఆ డబ్బుకి బాత్రూము పర్లేదు, చేపల పులుసు మాత్రం బాగుంది. అముర్ డేగలనే చిన్న వలస డేగల మీద ఆశ పెట్టుకున్నా, 2013లో నాగాలాండ్‌లో సాటిలైట్ ట్యాగ్ కట్టినవి బంగాళాఖాతం దాటి ఆంధ్రా మీదుగానే ఆఫ్రికా పోయాయి కదా అని. ఒక్కటీ కనపళ్లా. మబ్బు పట్టి ఉంది, దానికి తోడు మేం నిద్ర లేచిందే ఎనిమిదింటికి.

తిరుగు దారిలో బత్తా కోసం గొడవపడిన డ్రైవరే సడన్‌గా బండి ఆపి "సార్, అది పిల్లి గద్దేనా?" అన్నాడు. నల్ల గద్ద.