విజయవాడలో బోరు ఫ్లషింగ్ సర్వీసు: తుప్పు జిగురు నిజంగా పోతుందా?

కంప్రెసర్ బండి తెచ్చి బోరు కడిగే ఒక విజయవాడ సర్వీసు గురించి ఇది. గాలి కొట్టే పనిలో దిట్టలే. మందు (బ్లీచింగ్) వేసే దగ్గర మాత్రం పక్కన నిలబడి చేయించుకోవాలి.

ముందు మీ బోరు సమస్య ఈ తుప్పు జిగురేనో కాదో తేల్చుకోండి. నిలవ నీటిపై నూనెలా మెరిసే తెట్టును పుల్లతో కదపండి. పెంకుల్లా విరిగి విడిపోతే ఇనుము బ్యాక్టీరియా పని కావచ్చు. మళ్లీ కలిసిపోతే అది నూనే.

ట్యాంకు అడుగున పేరుకునే ఆ నారింజ జిగురు వట్టి తుప్పు కాదు. గాలియోనెల్లా అనే బ్యాక్టీరియా చిక్కుడుగింజ ఆకారంలో ఉంటుంది, ఒక పక్క నుంచి మెలితిరిగిన సన్నటి పోగులు వదులుతుంది. లెప్టోథ్రిక్స్ అనే మరో బ్యాక్టీరియా గొట్టంలాంటి తొడుగులో వరసగా పెరుగుతుంది. నీటిలో కరిగిన ఇనుము ఆక్సైడై ఈ పోగులకూ తొడుగులకూ పట్టడం వల్లే ఆ రంగు. మైక్రోస్కోపులో చూస్తే చాలా తొడుగులు ఖాళీగానే కనిపిస్తాయి, కణాలు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి. క్లోరిన్ కణాన్ని చంపుతుంది కానీ ఖాళీ తొడుగును కరిగించలేదు. జిగురు మందంగా ఉంటే దాని కింద బతికున్న కణాల దాకా చేరనూ చేరదు.

ఈ సర్వీసు లోపం సరిగ్గా ఇక్కడే. అడగకపోతే బ్లీచింగ్ పోసి, కాసేపటికే మోటారు వేయించి వెళ్లిపోతారు. అలా చేస్తే డబ్బు దండగ.

మోటారు, పైపులు పైకి తీసి గీకించండి. పీవీసీ కేసింగ్‌కు (బోరు లోపల దించే గొట్టానికి) నైలాన్ బ్రష్షే వాడాలి, ఇనుప తీగ బ్రష్ గాట్లు పెడుతుంది. ఆ తర్వాత గాలి కొడతారు. ఆపి ఆపి వదలడం వీళ్లకు బాగా తెలుసు, జాలీ (కేసింగ్‌లోకి నీళ్లు వచ్చే చిల్లుల భాగం) సందుల్లో ఇరుక్కున్న జిగురు అప్పుడే కదులుతుంది. నీళ్లు తేటపడ్డాకే మందు. 6 అంగుళాల కేసింగ్‌లో 100 అడుగుల నీరుంటే సుమారు 550 లీటర్లు. లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరిన్ అందాలంటే 30 శాతం బ్లీచింగ్ పౌడర్ 370 గ్రాములు కావాలి. చుట్టూ కంకర పొర ఉంటే రెట్టింపు వేయించండి. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటే పోయాలి; మడ్డి పోస్తే జాలీ పూడుకుంటుంది. విప్పి ఉంచిన బస్తా పొడిలో, ముఖ్యంగా మన ఎండలకు, పస ఉండదు. 12 నుంచి 24 గంటలు బోరు ముట్టుకోవద్దు.

యాసిడ్ కూడా వేస్తామంటే బ్లీచింగ్‌తో కలవనివ్వకండి, విషవాయువు పుడుతుంది.

ఇక తిరిగి రాదని వీళ్లిచ్చే హామీ నమ్మొద్దు. భూమిలో ఇనుమున్నంత కాలం మళ్లీ పడుతుంది. మోటారు వేశాక మొదటి నీళ్లు మొక్కలకు పోకుండా చూడండి. క్లోరిన్ వాసన పోయేదాకా ఆర్వోకు వాల్వు కట్టేయండి, లేకపోతే మెంబ్రేన్ పాడవుతుంది.