ముఖం చూపించి వీపు దాచే పెట్టె

పాత బేస్‌బాల్ బ్యాడ్జీలు కూడబెట్టేవాళ్ల ఇళ్లలో తరచూ కనిపించే పెట్టే ఇది: నల్ల అట్ట, అద్దం మూత, లోపల తెల్ల దూది, పక్కల నుంచి గుచ్చే సూదులు. ఏళ్లుగా మా గోడ నిండా ఇవే ఉన్నాయి. నాకు దీని మీదున్న కోపం ఒక్కటే, బ్యాడ్జీ ముఖం చూపించి వీపు దాచేస్తుంది.

సెల్యులాయిడ్ అంటే పాతకాలపు ప్లాస్టిక్. ఆ పొర వేసిన బ్యాడ్జీ జాతకమంతా వీపులోనే ఉంటుంది మరి. నేనుండే న్యూజెర్సీలోనే, నెవార్క్‌లోని వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ 1896లో ఈ రకానికి పేటెంటు పొందింది. రేకు బిళ్ల మీద అచ్చుకాగితం, దాని మీద పల్చటి సెల్యులాయిడ్ పొర, అన్నిటినీ వెనక నుంచి బిగించే లోహపు చుట్టు, అందులో ఇమిడే పిన్ను తీగ. వెనకవైపు గుంటలో చాలాసార్లు కంపెనీ పేరూ పేటెంటు తేదీలూ ఉన్న కాగితం ఉంటుంది. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు తరఫున నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ బరిలోకి దిగినప్పుడు అభిమానులు పెట్టుకున్న బ్యాడ్జీలకు ఇప్పుడు నకళ్లు కూడా తిరుగుతున్నాయి. ముఖాన్ని ఏ ప్రింటరైనా దించేస్తుంది. వెనక తళతళలాడే కొత్త రేకు కనబడితే గుట్టు రట్టవుతుంది. అదే ఎవరికైనా చూపించాలంటే సూదులు పీకాలి, మూత ఎత్తాలి, తీగకు చుట్టుకున్న దూది పోగులు విడదీయాలి. ఇదంతా అయ్యేసరికి వచ్చినవాళ్లు టీ తాగి వెళ్లిపోతారు.

అసలు దెబ్బ ఒక ఆగస్టులో తగిలింది. బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆటగాడి ఫొటో ఉన్న బ్యాడ్జీ అది, స్టేడియం దగ్గర అమ్మిన రకం. నీలం రిబ్బను, దానికి వేలాడే బుల్లి బ్యాటు, బంతి. జట్టు 1957 సీజన్ తర్వాత లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది కనుక బ్రూక్లిన్ అన్న పేరున్న సరుకంటే నాకు ప్రాణం. ఫొటో పక్కన తెల్లని చోట, అంచు దగ్గర, వయసు మీదపడిన చేతిమీద మచ్చల్లా గోధుమరంగు చుక్కలు తేలాయి. మూత తీసి బ్యాడ్జీ ఎత్తితే దూదిలో నారింజరంగు వలయం అచ్చుపడి ఉంది. తీగ మొత్తం తుప్పు. దూది తేమను పట్టి ఉంచింది, మూత దాన్ని బయటికి పోనివ్వలేదు. ముందు చుక్క కనబడేనాటికే వెనక వ్యవహారం ముదిరిపోయింది. మరకలు పొర కింద కాగితంలో ఉన్నాయి కాబట్టి తుడిస్తే పోవు. తడిగుడ్డ పెడితే నీరు అంచులోంచి లోపలికి దిగి ఇంకా పాడవుతుంది.

దూది పట్టు గురించి ఒకప్పుడు నేనే నలుగురికీ గొప్పగా చెప్పాను. పట్టు నిజమే, గోడ మీద ఒక్క బ్యాడ్జీ కూడా జారలేదు. కాకపోతే మూత ఒత్తిడికి రిబ్బను మడత అలాగే నిలిచిపోయింది, ఆ బుల్లి బంతి సెల్యులాయిడ్ మీద సన్నటి గీత పెట్టింది. పైగా పాత సెల్యులాయిడ్ మెల్లగా ఆమ్లపు ఆవిరి వదులుతుంది, దానికి గాలి ఆడాలి.

ఇంత తిట్టినా, బేస్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో విలేకరులకిచ్చే పిన్నులకు ఈ పెట్టె భేషుగ్గా ఉంది. 1911లో మొదలైన ఆ పిన్నుల్లో నా దగ్గరున్నవి లోహం మీద ఎనామెల్ పూసినవి. కాగితం లేదు, పొరా లేదు. సిరీస్‌కు చేరతామన్న ధీమాతో ముందే చేయించుకుని, తీరా చేరలేకపోయిన జట్ల పిన్నులు కూడా ఉంటాయి. నాకు ఛాంపియన్ల పిన్నుల కంటే అవే ఇష్టం. 1964లో ఫిలడెల్ఫియా ఫిల్లీస్ 12 ఆటలు మిగిలి ఉండగా ఆరున్నర ఆటల ఆధిక్యంలో ఉండి, వరుసగా 10 ఓడిపోయి సిరీస్‌కు చేరలేకపోయింది. ధీమా అంటే అదీ!

ఇప్పుడు సెల్యులాయిడ్‌వన్నీ చెక్క సొరుగులోకి మారాయి. ఆమ్లం లేని కాగితం మీద, విడివిడిగా, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంటాయి. వీపు చూడాలంటే తిప్పితే చాలు. ఎనామెల్ పిన్నులూ, రేకు మీద నేరుగా రంగులచ్చు వేసిన బ్యాడ్జీలూ పెట్టెల్లోనే ఉన్నాయి, గీతలు పడకుండా. డెన్వర్‌లో ఉండే మిత్రుడి దగ్గర ఇవే పెట్టెల్లో ఇవే సెల్యులాయిడ్ బ్యాడ్జీలు మచ్చలేకుండా ఉన్నాయి. అక్కడి గాలి పొడి, మా ఇంట్లో వేసవి చెమ్మ ఎక్కువ. ఆయన్ని అడిగితే కళ్లు మూసుకుని కొనమంటాడు. నేనైతే ముందు మీ ఊరి వాతావరణం, తర్వాత మీ బ్యాడ్జీల రకం అడుగుతాను.