అంచులు నున్నగా ఉన్న పాత చందమామలు: కొనేముందు ఇది చదవండి

పాత చందమామలు, ఇంద్రజాల్ కామిక్స్, అమర్ చిత్ర కథలు పోగుచేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మూడు నెలల కిందట 1962 చందమామ సెట్టు, జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండూ, పద్దెనిమిది వేలకు కొన్నాను. వచ్చినవాటిలో సరిగ్గా ఉన్నవి నాలుగే. మిగతా ఎనిమిదింటిలో ఒక్కోదానికి ఒక్కో రోగం.

అమ్మినతని పేరు రాయను. పేరు మార్చుకోవడం అతనికి రెండు నిమిషాల పని. పద్ధతి మాత్రం అంత తొందరగా మారదు, అందుకని దాన్నే వివరంగా చెప్తాను.

ఫొటోలు చూడగానే నాకు నచ్చింది అంచులే. అరవై ఏళ్లు దాటిన పుస్తకాలు, ఒక్క మూల కూడా మడత పడలేదు. మూడు వైపులా కత్తితో కోసినట్టు తిన్నగా ఉన్నాయి. ‘కోసినట్టు’ అన్న మాట ఆ రోజే నా బుర్రకు తట్టి ఉంటే డబ్బులు మిగిలేవి. నిజంగానే కోశారు.

మన ఇళ్లలో చందమామలు ఎలా దాచేవాళ్లో గుర్తు చేసుకోండి. ఏడాది పూర్తవగానే పన్నెండూ కట్టగట్టి బైండింగ్‌కి ఇచ్చేవాళ్లు. బైండరు ముందు అట్టలు పీకేసేవాడు, లేదా ఇంట్లోవాళ్లు అడిగితే ఉంచేవాడు. తర్వాత వెన్ను పక్కన రంధ్రాలు పొడిచి దారంతో కుట్టి, మూడు వైపులా కటింగ్ మిషన్‌లో పెట్టి ఒక్క వేటు. చదువుకోవడానికి అది బంగారం లాంటి పుస్తకం. మా అమ్మమ్మ ఇంట్లో అలాంటివి నాలుగు ఉండేవి, అన్నం తింటూ చదివితే పప్పు మరకలు పడ్డాయి. కానీ విడి సంచికలుగా పోగుచేసేవాళ్ల లెక్కలో కోసిన పుస్తకం కోసిన పుస్తకమే, దాని విలువ సగానికి సగం పడిపోతుంది. అతను చేసిందేమిటంటే, అలాంటి బైండు ఒకటి సంపాదించి, కుట్లు విప్పి, ఏడు సంచికలను విడదీసి, అంచులు మళ్లీ ఒకసారి సన్నగా కోయించి, ‘దుకాణంలోంచి అప్పుడే తెచ్చినట్టుంది సార్’ అని అమ్మాడు.

ఇది ఎలా కనిపెట్టానంటే, నా దగ్గర ముందునుంచీ ఉన్న 1962 ఆగస్టు సంచిక పక్కన పెట్టి స్కేలుతో కొలిచాను. అతను పంపిన ఆగస్టు నిలువులో ఏడు మిల్లీమీటర్లు పొట్టి, అడ్డంలో ఐదు. ఒకసారి తెలిశాక ఇక అన్నీ కనిపించడం మొదలైంది. పేజీ నంబరు కింది అంచుకి అతుక్కుపోయినట్టుంది. ఒకచోట బొమ్మలో గుర్రం తోక చివర తెగిపోయింది. వెన్ను దగ్గర పేజీలు బాగా విడదీసి వెలుతురుకి పెడితే, పిన్నులతో సంబంధం లేని ఐదు చిన్న రంధ్రాలు వరసగా కనిపించాయి, ఏడు పుస్తకాల్లోనూ ఒకే దూరంలో. ఇంకొకటి, కాగితం రంగు. ఆ రోజుల చవక కాగితం గాలి తగిలే అంచు దగ్గర ముదురు గోధుమరంగుకి తిరిగి, లోపలికి పోనుపోను లేతగా ఉంటుంది. ఈమధ్యే కోసిన పుస్తకంలో ఆ ముదురు అంచు ఉండదు. పేజీ అంతా ఒకే రంగులో ఉంటే ‘ఎంత బాగా దాచారో’ అని మురిసిపోకండి.

ఇక అట్టల సంగతి. ఆ ఏడింటిలో నాలుగింటికి బైండరు అట్టలు తీసేసినట్టున్నాడు. అతను కొత్తవి తయారుచేశాడు. చందమామ స్కాన్లు ఇంటర్నెట్‌లో చాలాకాలంగా తిరుగుతున్నాయి, ఏళ్లకేళ్లు ఓపికపట్టి స్కాన్ చేసినవాళ్లకి నేను చేతులెత్తి దండం పెడతాను. ఆ పుణ్యాత్ముల స్కానునే ఇతను కలర్ లేజర్‌లో మందపాటి కాగితం మీద రెండు వైపులా ప్రింటు తీయించి, కాస్త టీ నీళ్లు పట్టించి, పిన్ను కొట్టాడు. అరవైల చందమామల మీద వపా (చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు) బొమ్మ ఉందంటే ధర ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. ఆయన ముఖచిత్రాలను చించి ఫ్రేము కట్టించుకునేవాళ్లు కూడా ఉన్నారు, అట్టలేని చందమామలు అన్ని తిరగడానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

నకిలీ అట్ట నాకు ఎలా దొరికిందో చెప్తే నవ్వుతారు. మార్చి సంచిక అట్ట మీద పిన్ను చుట్టూ తుప్పు మరక ఉంది. పిన్ను మాత్రం తళతళా మెరుస్తోంది. అట్ట తిప్పి లోపలివైపు చూస్తే తుప్పు లేదు. అసలు పుస్తకంలో పిన్ను తుప్పుపడితే అది కాగితంలోకి దిగి రెండో వైపుకి వస్తుంది. ఇది స్కానులో ఉన్న తుప్పు, సిరాతో అచ్చయిన తుప్పు! అలాగే కుడి పక్క కింద ఒక మడత గీత కనిపిస్తోంది, వేలితో తడిమితే నున్నగా ఉంది. ఎవరో పాతకాలపు పిల్లాడు మడిచిన మూల ఫొటో అది.

ఆ తర్వాత పది రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దంతో చూశాను. అసలు అచ్చులో రంగులు విడివిడి చుక్కలుగా, శుభ్రంగా, ఒక పద్ధతిలో ఉంటాయి. స్కాను నుంచి తీసిన ప్రింటులో ఆ చుక్కలు అలికేసినట్టుంటాయి, వాటిమీద ప్రింటరు చుక్కలు మళ్లీ వేరే, నల్ల అక్షరాల అంచుల్లో కూడా రంగు పొడి కనిపిస్తుంది. ఏటవాలుగా పట్టుకుంటే నల్లటి చోట్ల మైనం పూసినట్టు మెరుపు. కిరాణా కొట్లో నోట్లు చూసుకునే నీలం లైటు ఉంటుందే, దాన్ని కూడా చీకట్లో వేసి చూశాను. ఇప్పటి తెల్ల కాగితం దానికింద నీలంగా వెలిగిపోతుంది. నా దగ్గరున్న పాత చందమామ ఒక్కటీ అలా వెలగలేదు, ఆ నాలుగు అట్టలూ టీ మరకల కిందనుంచి వెలిగాయి. ఈ లైటు ఒక్కదాన్నే నమ్ముకోకండి, భూతద్దం, వేలు, లైటు మూడూ ఒకే మాట చెప్పాలి.

ఎనిమిదోది బైండులోది కాదు, అంచులూ బాగున్నాయి, అట్టా అసలుదే. కానీ చదువుతుంటే కథ ఎక్కడో తెగింది. పేజీ నంబర్లు చూస్తే 32 తర్వాత 37. తర్వాత వేరే సంచికలోంచి తెచ్చిన నాలుగు పేజీలు ఇంకోచోట అతికించి మొత్తం లెక్క సరిచేశాడు. చదవడానికి కొనేవాడు మొదటి రోజే పట్టేస్తాడు, దాచడానికి కొనేవాడు ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో పడేస్తాడు. ఈ మోసం బతికేది రెండో రకం వాళ్ల మీద. నేనూ ఆ రకమే అనుకోండి, ఆ రోజు కరెంటు పోయి, ఫోన్‌లో చార్జింగ్ లేక చదివాను.

పన్నెండుకి తోడు కొసరుగా ఒక అట్టలేని చందమామ పంపాడు, ‘ఇది యాభైల నాటిది సార్, మీకోసం ఉంచాను’ అంటూ. దానిమీద నాకు ఇప్పటికీ కోపం రాదు, ఎందుకంటే దాన్ని ఒక్క చూపులో పట్టుకున్నాను. చివర్లో అచ్చువేసినవారి చిరునామాలో ‘మద్రాసు-600026’ అని ఉంది. మన దేశంలో ఆరంకెల పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అంతకుముందు చందమామల్లో వడపళని చిరునామా ‘మద్రాసు-26’ అనే ఉండేది. ఈ రెండంకెల, ఆరంకెల తేడా చందమామకే కాదు, ఏ పాత పత్రికకైనా పనికొస్తుంది. ధర కూడా అంతే. అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కి ముందుది. నయాపైసలు అని ఉంటే 1957 నుంచి 1964 మధ్యది, 1964 జూన్‌లో ‘నయా’ తీసేసి ఒట్టి పైసలు చేశారు. ‘1955 సంచిక’ అని చెప్పి నయాపైసల ధర ఉన్న అట్ట చూపిస్తే, ఆ అట్ట దానిది కాదు. చందమామ మొదలైందే 1947 జులైలో, కాబట్టి ‘స్వాతంత్ర్యానికి ముందువి ఓ పాతిక సంచికలు ఉన్నాయి’ అనేవాడితో మాట్లాడనే అక్కర్లేదు. ఆగస్టు 15కి ముందు వచ్చింది మహా అయితే ఒకటో రెండో.

అమర్ చిత్ర కథల్లో గొడవ ఇంకోరకం. అవి ఎన్నోసార్లు పునర్ముద్రణ అయ్యాయి, నంబరు అదే, బొమ్మ అదే. అనంత్ పై గారు 1967లో మొదలుపెట్టిన ఆ వరసలో మొదటి పది విదేశీ అద్భుత కథలు, మన పురాణాలు 11వ నంబరు ‘కృష్ణ’తో మొదలవుతాయి. అది తెలిసినవాళ్లు ‘11వ నంబరు, మొదటి ముద్రణ’ అనగానే ఎగబడతారు. వెనక అట్ట మీదో లోపలో మిగతా పుస్తకాల జాబితా ఉంటే చూడండి. తర్వాతి ఏళ్లలో వచ్చిన పుస్తకాల పేర్లు అందులో ఉంటే, మీ చేతిలోది మొదటి ముద్రణ ఎలా అవుతుంది? ఇంద్రజాల్ కామిక్స్ గురించి నేను ఎక్కువ చెప్పను, నా సేకరణ చిన్నది. 1964 మార్చిలో ఫాంటమ్‌తో మొదలై 1990లో ఆగిపోయాయి, తొలి నంబర్లకే గిరాకీ. అంచుల కోతా, అట్టల నకలూ వాటికీ వర్తిస్తాయి.

ఇప్పుడు ‘మింట్’ అనే మాట, అంటే కొత్తదానిలా ఉందని. అతను ప్రతి సంచికకీ ఒక మార్కు వేశాడు, మార్చికి 9.0, జూన్‌కి 8.5. చూడ్డానికి ఎంత శాస్త్రీయంగా ఉందో! ఈ పదికి మార్కుల పద్ధతి అమెరికన్ కామిక్స్‌ది. అక్కడ సీజీసీ అనే సంస్థ 2000 నుంచి కామిక్స్‌ని పరిశీలించి 0.5 నుంచి 10 వరకు మార్కు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తోంది. వాళ్ల లెక్కలో 9.4 అంటే నియర్ మింట్. రంగు పూసి, చిరుగులు అతికి బాగుచేసిన పుస్తకమైతే మామూలు నీలం లేబుల్ ఇవ్వరు, ఊదా రంగుది ఇస్తారు, దాంతో ధర కిందకి జారుతుంది. పేజీ లోపాల విషయంలోనూ అంతే కచ్చితం. ఉదాహరణకి 1974 నాటి హల్క్ అనే అమెరికన్ కామిక్ 181వ సంచిక, వుల్వరిన్ అనే హీరో మొదటిసారి పూర్తిగా కనిపించింది అందులోనే. లోపల అచ్చువేసిన ఒక స్టాంపును అప్పటి పిల్లలు కత్తిరించి దాచుకునేవాళ్లు. అట్ట మెరుస్తున్నా సరే, ఆ చిన్న ముక్క లేకపోతే కొనేవాళ్లు ముఖం తిప్పుకుంటారు. మరి మన చందమామకి 9.0 ఎవరిచ్చారు? అతనే. అమ్మేవాడే పేపరు దిద్దుకుని ఫస్టు క్లాసు వేసుకున్నాడు.

కాబట్టి మార్కు చెప్పినా, మింట్ అన్నా పట్టించుకోకుండా నేను ఇప్పుడు నాలుగు ప్రశ్నలే అడుగుతున్నాను. అంచులు కోశారా, అట్ట దానిదేనా, పేజీలన్నీ ఉన్నాయా, ఎక్కడైనా టేపు, జిగురు, రంగు పడిందా. వీటికి రాతలో జవాబు ఇమ్మంటాను. ఫోన్‌లో చెప్తానంటే వద్దంటాను. స్కేలు పక్కన పెట్టి ఒక ఫొటో, వెన్ను విప్పి ఒకటి, పిన్ను లోపలివైపు ఒకటి, చివరి పేజీ చిరునామా ఒకటి. నిజాయితీగా అమ్మేవాళ్లు విసుక్కోరు, పైగా మనకి విషయం తెలుసని సంతోషిస్తారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నాకు పాత పుస్తకాలిచ్చే ఆయన ‘ఇది బైండులోది బాబూ, కోసేశారు, నూట యాభై ఇవ్వు చాలు’ అంటాడు. ఆయన దగ్గర మింట్ అనే మాటే లేదు.

డబ్బు తిరిగొచ్చిందా అంటే, సగం. ఫొటోలన్నీ పంపి అడిగితే మొదట ‘అరవై ఏళ్ల పుస్తకాలు సార్, అలాగే ఉంటాయి మరి’ అన్నాడు. ‘మరి దుకాణంలోంచి అప్పుడే తెచ్చినట్టుందన్నారు కదా’ అంటే ఫోన్ పెట్టేశాడు. పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో, అతను రాసిన 9.0 మెసేజీలు, యూపీఐ రసీదు జతచేసి, 1930కి ఫోన్ చేస్తున్నానని మెసేజ్ పెట్టాక తొమ్మిది వేలు వచ్చాయి. ఆ నంబరు సైబర్ మోసాల ఫిర్యాదులకి, డబ్బు పంపిన గంటల్లోనే చేస్తే ఉపయోగం ఎక్కువ, నాలాగా వారం ఆగకండి. వీడియో లేకపోతే ఆ తొమ్మిదీ వచ్చేవి కావు. అట్టలు మీరే మార్చారంటే నేనేం చెప్పగలను?

నకిలీ అట్టలు నాలుగింటినీ పీకేసి, వాటి లోపలివైపు స్కెచ్ పెన్‌తో ‘నకలు’ అని పెద్దగా రాశాను. నేను పోయాక మా పిల్లలు వీటిని ఇంకెవరికైనా అసలువని అమ్మేస్తే ఆ పాపం నాకెందుకు. కోసిన ఏడింటినీ మళ్లీ బైండు చేయించాను, మా పాప చదువుతోంది, పప్పు మరకలు మొదలయ్యాయి.

1962లో నాకింకా ఏడు నెలలు కావాలి, ఆగస్టు ఎలాగూ ఉంది. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. మూలలు నలిగినా, అట్ట మీద ఎవరి పేరో ఇంకుతో రాసి ఉన్నా ఫర్వాలేదు. స్కేలు పక్కన పెట్టి ఒక్క ఫొటో తీసి పంపండి చాలు.