పసుపు జెర్సీ బాగుంది గానీ వీపు మీద పేరే తంటా: ఆడమ్స్ 6 రెట్రో జెర్సీ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, బట్ట బాగుంది, కుట్టు బాగుంది, 1,899 రూపాయలకి ఇంతకన్నా ఆశపడటం కూడా తప్పే. అయినా నేనిచ్చేది రెండు స్టార్లే. ఎందుకో చెప్తా, కొంచెం ఓపిక పట్టండి, ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నోళ్ళకైతే మొదటి లైన్లోనే మండుద్ది.

సైట్ పేరు రాయను, రెట్రో జెర్సీలు, అంటే పాత సీజన్ల మోడల్‌వి అమ్మేవాటిలో ఒకటి అనుకోండి. అందులో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ 1989 అవే జెర్సీ (బయటి గ్రౌండ్లలో వేసుకునేది), పసుపు మీద నేవీ బ్లూ, ముందు స్పాన్సర్ పేరు జేవీసీ అని ఉండేది, "ఆన్‌ఫీల్డ్ మ్యాచ్ వెర్షన్, నంబర్ 6" అని పెట్టాడు. ఫోటోలు మూడూ ముందు వైపువే. అప్పుడే డౌట్ రావాల్సింది, రాలేదు, ఆత్రం అలాంటిది మరి.

ఆత్రం ఎందుకంటే 6 నంబర్ ఆర్సెనల్ డిఫెండర్ టోనీ ఆడమ్స్‌ది. ఈ రోజుల్లో మూడేళ్ళు ఒక క్లబ్‌లో ఉంటేనే లాయల్ అంటున్నాం, ఈయన 1983లో ఆర్సెనల్‌కి మొదటి మ్యాచ్ ఆడి 2002లో రిటైర్ అయ్యేదాకా ఇంకో క్లబ్ చొక్కా వేసుకోలేదు, 669 మ్యాచ్‌లు. 1988లో 21 ఏళ్ళకే కెప్టెన్సీ చేతికొచ్చింది, దిగేటప్పుడు కూడా ఆ బ్యాండ్ చేతికే ఉంది. 80లలో, 90లలో, 2000 దాటాక, మూడు దశాబ్దాల్లోనూ కెప్టెన్‌గా లీగ్ గెలిచాడు. డిఫెండర్లని ఎవరు గుర్తుపెట్టుకుంటారు అంటారు గానీ ఈయనకి ఆర్సెనల్ సొంత గ్రౌండ్ ఎమిరేట్స్ స్టేడియం బయట విగ్రహమే ఉంది.

ఇక ఆ పసుపు జెర్సీ సంగతి. 1989 మే 26, ఆన్‌ఫీల్డ్, సీజన్లో ఆఖరి మ్యాచ్. లివర్‌పూల్ వాళ్ళ గ్రౌండ్‌లోనే వాళ్ళ మీద రెండు గోల్స్ తేడాతో గెలిస్తేనే ఆర్సెనల్‌కి టైటిల్, ఒక్క గోల్ తేడాతో గెలిచినా కప్పు వాళ్ళదే. అలన్ స్మిత్ ఒకటి కొట్టాడు, ఇంజురీ టైమ్‌లో మైకేల్ థామస్ రెండోది కొట్టాడు, అయిపోయింది. పాయింట్లు సమానం, గోల్ డిఫరెన్స్ (కొట్టినవాటిలోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది) కూడా సమానం, కొట్టిన గోల్స్ ఎక్కువని ఆర్సెనల్‌కి టైటిల్. దీనికి రెండు నెలల ముందే ఆడమ్స్ మాంచెస్టర్ యునైటెడ్ మీద ఒక గోల్ కొట్టి, చివర్లో సొంత గోల్‌లోనే ఇంకోటి వేసి 1-1 చేసాడు, మర్నాడు ఒక పేపర్ ఆయన ఫోటోకి గాడిద చెవులు తగిలించింది. ఆ గాడిదే కప్పెత్తింది! ఆ చొక్కా అంటే నాకు అదీ లెక్క.

నాలుగు రోజుల్లో పార్సిల్ వచ్చింది, ప్యాకింగ్‌కి వంక పెట్టలేం. విప్పి తిప్పి చూస్తే వీపు మీద అడ్డంగా ఇంత లావు అక్షరాల్లో ఇంగ్లీష్‌లో ఆడమ్స్ అని పేరు. గుండె జారింది బాస్. 1989లో ఇంగ్లండ్ లీగ్‌లో వీపు మీద పేర్లు ఎక్కడివి? ఒట్టి నంబరే, అదీ ఏ రోజుకారోజు దిగే పదకొండు మందికి 1 నుంచి 11 పంచేవాళ్ళు, అందుకే ఆ రాత్రి ఆడమ్స్ పక్కన డిఫెన్స్‌లో ఆడిన స్టీవ్ బౌల్డ్ వీపు మీద 10 ఉంటుంది, స్ట్రైకర్ నంబర్! చాలదన్నట్టు చేతి మీద ప్రీమియర్ లీగ్ ప్యాచ్ ఒకటి కుట్టాడు. ప్రీమియర్ లీగ్ పుట్టిందే 1992లో నాయనా.

ఇంగ్లండ్ క్లబ్ మ్యాచ్‌ల్లో పేర్లు మొదటిసారి కనబడింది 1993 లీగ్ కప్ ఫైనల్లో, ఆర్సెనల్ 2-1తో షెఫీల్డ్ వెన్స్‌డేని కొట్టిన మ్యాచ్. అందులోనూ మన ఆడమ్స్ ఘనకార్యం ఉంది, గెలిపించిన గోల్ కొట్టిన స్టీవ్ మారోని సంబరంలో భుజాల మీదకి ఎత్తబోయి కింద పడేసాడు, పాపం ఆ కుర్రాడి చెయ్యి విరిగి మెడల్ కూడా తీసుకోకుండా హాస్పిటల్‌కి పోయాడు.

చాట్‌లో కస్టమర్ కేర్‌కి ఇదంతా ఓపిగ్గా టైప్ చేసా. వచ్చిన జవాబు: "సర్, పేరు ప్రింట్‌కి 250 చార్జ్ ఉంటుంది, మీకు ఫ్రీగా వేసాము." నేనేదో బోనస్ మీద కంప్లైంట్ చేస్తున్నట్టు! రిటర్న్ అంటే కస్టమ్ ప్రింట్‌కి రిటర్న్ లేదంట. కస్టమ్ అడిగిందెవరు?

మా సందు చివర ప్రింటింగ్ షాపుకి పట్టుకెళ్ళా, చూసి "పేరు లాగొచ్చన్నా, కానీ ఆ అక్షరాల మచ్చ ఉండిపోద్ది, అంతకంటే ఉంచుకోవడమే నయం" అన్నాడు. ప్యాచ్ మాత్రం అమ్మ చిన్న కత్తెరతో దారాలు కోసి తీసేసింది, అక్కడ పసుపు కొంచెం ముదురుగా ఉంది, అంతే.

క్వాలిటీ గురించి: ఏడు ఉతుకులయ్యాయి, రంగు దిగలేదు, నంబర్ లేవలేదు. తిప్పి ఉతకండి, ప్రింట్ మీద ఇస్త్రీ పెట్టొద్దు. సైజు ఒకటి ఎక్కువ తీసుకోండి, నాకు ఎల్ కావాలి, ఎక్స్ఎల్ తీసుకుంటే సరిగ్గా సరిపోయింది. బట్ట మందం, మే నెలలో టర్ఫ్‌కి వేసుకెళ్తే ఆవిరి కుడుమే.

పేరున్న చొక్కానే కావాలంటే ఆర్సెనల్ 1998 ఎర్రది కొనండి, అది కరెక్ట్‌గా ఉంటుంది, పైగా దాని వెనక కథ ఇంకా పెద్దది. తాగి కారు నడిపి 1990 డిసెంబర్లో జైలుకెళ్ళాడు ఆడమ్స్, ఆ సీజన్ మొత్తంలో ఆర్సెనల్ లీగ్‌లో ఓడింది ఒకే ఒక్క మ్యాచ్, అది ఈయన లోపల ఉన్నప్పుడే! తాగుడు అప్పుడూ మానలేదు, 1996లో నేను ఆల్కహాలిక్‌ని అని బయటికి చెప్పుకుని ఆపాడు, 2000లో తనలాంటి ఆటగాళ్ళ కోసం స్పోర్టింగ్ చాన్స్ అని క్లినిక్ పెట్టాడు. ఆ మధ్యలో 1998 మేలో ఎవర్టన్ మీద 4-0, టైటిల్ ఖాయం చేసిన మ్యాచ్, నాలుగో గోల్ ఈయనది. అదే బౌల్డ్ మిడ్‌ఫీల్డ్ నుంచి బంతి పైకి లేపి ఇస్తే, సెంటర్ బ్యాక్, అంటే డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు అయ్యుండి స్ట్రైకర్‌లా దూసుకెళ్ళి ఛాతీతో దించి ఎడంకాలితో కొట్టి, చేతులు చాపి అలా నిలబడ్డాడు. విగ్రహం కూడా ఆ చాపిన చేతులతోనే ఉంటుంది. ఆ సైట్ వాడి దగ్గర కూడా ఆ ఎర్రది ఉంది, కానీ వీపు ఫోటో అడిగి కొనండి, 1998 దాని మీద పేరు వెయ్యకుండా పంపినా పంపుతాడు.

నా పసుపుది వేసుకుని మొన్న కొండాపూర్‌లో టర్ఫ్‌కి వెళ్తే ఒక కుర్రాడు వీపు చదివి "అన్నా, గిల్‌క్రిస్ట్ ఫ్యానా? డెక్కన్ చార్జర్స్ టైమ్ నుంచీనా?" అన్నాడు. ఆస్ట్రేలియా క్రికెట్ టీమ్ పసుపు రంగు, ఆడమ్ అనే పేరు, వాడి తప్పేం లేదు. ఒట్టి 6 ఉంటే ఈ గొడవే లేదు కదా.