ఆటోనగర్ షెడ్డులో 19 ఏళ్లు: పిస్టన్ కంప్రెసర్, స్క్రూ కంప్రెసర్ రెండూ వాడాక

విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీలకు, బస్సులకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డు. పక్క రేకుల కింద టైర్ల పని కూడా ఉంది. 2006లో మొదటి కంప్రెసర్ కొన్నాం: 7.5 హెచ్‌పీ, రెండు స్టేజీల పిస్టన్, 300 లీటర్ల ట్యాంకు. 2015లో 15 హెచ్‌పీ స్క్రూ దింపాం. రెండూ ఈరోజుకీ నడుస్తున్నాయి. కొత్తగా షెడ్డు పెట్టుకునే కుర్రాళ్లు వచ్చి "అన్నా, ఏది కొనమంటావ్?" అని అడుగుతూనే ఉంటారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: "రోజులో ఆగకుండా గాలి ఎంతసేపు కావాలి?" దానికి జవాబు తెలిస్తే ఏ రకం కొనాలో సగం తేలిపోయినట్టే. కంపెనీ పేర్లు ఇక్కడ రాయడం లేదు. మంచి కంపెనీ మిషన్ అయినా, తప్పుడు రకం తెచ్చుకుంటే సుఖం లేదు.

మొదట పిస్టన్ సంగతి. లారీ టైరుకి 110 నుంచి 125 పౌండ్ల దాకా గాలి కొట్టాలి. 100 పౌండ్లంటే సుమారు 7 బార్. టైరులోకి గాలి పోవాలంటే ట్యాంకులో అంతకంటే ఎక్కువ ఉండాలి కాబట్టి 7, 8 బార్ దగ్గర ఆగిపోయే ఒక స్టేజీ మిషన్ లారీల పనికి చాలదు. రెండు స్టేజీల పిస్టన్‌లో పెద్ద సిలిండరు గాలిని ముందు కొంత నొక్కుతుంది. ఆ గాలి మధ్యలో రెక్కల పైపులో చల్లబడి చిన్న సిలిండరుకి వెళ్తుంది. అది 12 బార్ దాకా తీసుకుపోతుంది. టైరుకి రెండు నిమిషాలు గాలి పట్టడం, బోల్టులకు ఎయిర్ గన్ నాలుగు సెకన్లు కొట్టడం, తర్వాత పది నిమిషాలు ఖాళీ. ఇలాంటి పనికి పిస్టన్‌ని మించింది లేదని ఇన్నేళ్ల తర్వాత కూడా గట్టిగా చెబుతాను. ఏ మూల పల్లెలోనైనా దాన్ని విప్పి బిగించే మెకానిక్ దొరుకుతాడు. రింగులు, వాల్వు ప్లేటు, బెల్టు మార్చుకుంటూ పోతే తరం గడిచిపోతుంది.

మేం దెబ్బతిన్నది పెయింటింగ్ దగ్గర. స్ప్రే గన్ 30, 40 పౌండ్ల ప్రెషర్‌తోనే పనిచేస్తుంది, కానీ ట్రిగ్గర్ నొక్కినంతసేపూ ఆగకుండా తాగుతుంది. పుట్టీ రుద్దే ఎయిర్ శాండర్ అంతకంటే ఆకలిది. ఒక్కోదానికి పది, పన్నెండు సీఎఫ్‌ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) కావాలి. ప్రెషర్ వేరు, పరిమాణం వేరు అని అప్పట్లో నాకు తెలియదు. మిషన్ ప్లేటు మీద 33 సీఎఫ్‌ఎం అని ఉంది కదా, రెండు శాండర్లు, ఒక గన్ హాయిగా నడుస్తాయనుకున్నాను. నడవలేదు. రెండో శాండర్ పట్టుకోగానే మొదటిది నీరసపడేది. మిషన్ అస్సలు ఆగేది కాదు.

ప్లేటు మీద రాసింది పిస్టన్ ఎంత గాలిని తోయగలదో లెక్కగట్టిన అంకె. చేతికి వచ్చే గాలి అందులో నాలుగింట మూడొంతులు ఉంటే గొప్ప. అమ్మిన అతను ఆ తేడా చెప్పలేదు, నేనూ అడగలేదు. దీన్ని ఎవరైనా షెడ్డులోనే కొలుచుకోవచ్చు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, వాల్వులన్నీ మూసి, సున్నా నుంచి 7 బార్‌కి ఎంతసేపట్లో ఎక్కుతుందో ఫోనులో చూడండి. మాది సరిగ్గా మూడు నిమిషాలు పట్టింది. 300 లీటర్లని ఏడుతో గుణిస్తే 2100 లీటర్లు. మూడు నిమిషాలకి పంచితే నిమిషానికి 700 లీటర్లు. ఒక సీఎఫ్‌ఎం అంటే 28.3 లీటర్లు కాబట్టి నా మిషన్ ఇచ్చేది 25 సీఎఫ్‌ఎం. ప్లేటు మీది 33కీ ఈ 25కీ మధ్య తేడాలో నా రెండో శాండర్ పోయింది. కొనే ముందు "ఫ్రీ ఎయిర్ డెలివరీ ఎంత, ఏ ప్రెషర్ దగ్గర?" అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

పిస్టన్‌ని ఆపకుండా తిప్పితే ఏమవుతుందో 2012 వేసవిలో చూశాను. ఐదారు బస్సులు ఒకేసారి రంగుకి వచ్చాయి. ఉదయం నుంచి రాత్రి దాకా మిషన్ మోగుతూనే ఉంది. వారానికి గాలి సగానికి పడిపోయింది. హెడ్ విప్పితే వాల్వు ప్లేటు మీద నల్లటి మసి, గోరుతో గీకినా రానంత గట్టిగా పట్టేసింది. వేడికి ఆయిల్ మాడి గడ్డకట్టింది. పిస్టన్ గంటలో ఇరవై నిమిషాలైనా ఆగాలి. ఆ విశ్రాంతి దానికి ఇవ్వలేని చోట దాన్ని పెట్టకూడదు.

అందుకే 2015లో స్క్రూ. అందులో ఒకదానిలో ఒకటి ఇమిడి తిరిగే రెండు మరలు ఉంటాయి. గాలి వాటి మధ్య చిక్కి, ముందుకు పోతూ నలుగుతుంది. ఆయిల్ లోపలికే చిమ్ముతుంది. వేడిని అదే లాగుతుంది, సందుల్ని అదే మూస్తుంది. తర్వాత సెపరేటర్ ఆ ఆయిల్‌ని గాలి నుంచి విడదీసి వెనక్కి పంపుతుంది. మా 15 హెచ్‌పీది 55 సీఎఫ్‌ఎం దాకా ఇస్తుంది. ఇంతవరకు 26,000 గంటలు తిరిగింది. 22,000 దగ్గర ఒకసారి బేరింగులు మార్పించాం. రెండు శాండర్లు, రెండు గన్‌లు ఒకేసారి నడిచినా రంగు మధ్యలో సన్నబడదు. పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. పాత మిషన్ దగ్గర సైగలే.

అయితే స్క్రూకి పిస్టన్‌కి ఉన్న జబ్బు తిరగేసి ఉంటుంది. పిస్టన్‌కి విశ్రాంతి లేకపోతే చెడుతుంది, స్క్రూకి పని లేకపోతే చెడుతుంది. 2020 లాక్‌డౌన్ తర్వాత కొన్ని నెలలు పనులు లేవు. రోజుకి పావుగంట నడిపి ఆపేసేవాళ్లం. ఒకరోజు ఆయిల్ చూసే గాజు బిళ్లలోకి చూస్తే లోపల మజ్జిగలా తెల్లగా ఉంది. ఆయిల్ సరిగా వేడెక్కకపోతే గాలిలోని తేమ ఆవిరై బయటికి పోదు, ఆయిల్‌లోనే కలిసిపోతుంది. బేరింగులకి అది విషం. మొత్తం ఆయిల్ పారబోసి కొత్తది పోశాం. ఇంకో సంగతి, పైన గాలి ఎవరూ వాడకపోయినా స్క్రూ ఖాళీగా తిరుగుతుంది, ఖాళీగా తిరిగినా ఫుల్ లోడులో పావు వంతుకు పైగానే కరెంటు లాగుతుంది. వాడకం రోజంతా ఎగుడుదిగుడుగా ఉంటే వీఎఫ్‌డీ (వాడకాన్ని బట్టి మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) ఉన్న మిషన్ చూసుకోవాలి. మాది వీఎఫ్‌డీ లేనిది. అదొక్కటి ఇప్పటికీ మనసులో ఉంది.

మే నెల విజయవాడ ఎండ గురించి మిషన్ పుస్తకంలో రాయరు. బయట 45 డిగ్రీలుంటే రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. మొదటి వేసవిలోనే మధ్యాహ్నం రెండయ్యేసరికి టెంపరేచర్ 110 చూపించి ట్రిప్ అయ్యేది. కూలర్ నుంచి వచ్చే వేడిగాలి గోడకి తగిలి తిరిగి మిషన్‌లోకే పోతోందని కనిపెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. పైన రేకు గొట్టం చేయించి ఆ గాలిని గోడ అవతలకి పంపాం. 96 దగ్గర నిలబడింది. మరో వేసవిలో మళ్లీ పెరిగింది. ఈసారి తప్పు మాదే. బయటి మెకానిక్ చవగ్గా ఉందని హైడ్రాలిక్ ఆయిల్ పోస్తుంటే నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. ఆరు నెలల్లో లోపలంతా లక్క పూసినట్టు జిగట పట్టింది. అది శుభ్రం చేయించడానికైన ఖర్చుతో నాలుగుసార్లు అసలు ఆయిల్ వచ్చేది.

ఇక నీళ్లు. పెయింటింగ్‌వాళ్లకి అసలు శత్రువు ఇదే. ఒక జూలైలో స్కూలు బస్సు పక్క మొత్తం పసుపు రంగు కొట్టి, గంట తర్వాత ట్యూబ్‌లైటు పట్టుకుని చూశాం. మా పెద్ద పెయింటర్‌ని అందరం బాబాయ్ అంటాం. ఆయన వేలితో చూపించాడు: ఆవగింజంత గుంటలు, చుట్టూ చిన్న అంచు, బారెడు పొడవున వరసగా. "రంగు తప్పు కాదురా, గాలిలో నీళ్లొస్తున్నాయి" అన్నాడు. మొత్తం రుద్ది మళ్లీ కొట్టాల్సి వచ్చింది. వానాకాలంలో 15 హెచ్‌పీ మిషన్ ఎనిమిది గంటలు నడిస్తే పది లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. గాలిని నొక్కి చల్లబరిస్తే అందులోని తేమలో చాలా భాగం కారాల్సిందే. ట్యాంకు కింద డ్రెయిన్ కాక్ రోజూ తిప్పడం సరిపోదు. గాలిని 3 డిగ్రీల దాకా చల్లార్చి నీళ్లు తీసేసే డ్రైయర్ పెట్టాకే మా రంగు బాగుపడింది. డబ్బు తక్కువైతే మిషన్ సైజు తగ్గించుకోండి, డ్రైయర్ మాత్రం మానకండి.

ఆ నీళ్లే ట్యాంకుని లోపలి నుంచి తింటాయి. మా పాత ట్యాంకు అడుగున సూదిమొనంత చిల్లు పడి గాలి ఈల వేసింది. వెల్డింగ్ చేసి పెడతానని ఒకతను వచ్చాడు. చేయనివ్వలేదు. ఒకచోట చిల్లు పడిందంటే చుట్టూ రేకు పల్చబడిపోయిందని అర్థం. 12 బార్ గాలి ఉన్న ట్యాంకు పగిలితే షెడ్డు మిగలదు. కొత్త ట్యాంకు వేసి, హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసే పరీక్ష) కాగితం దగ్గర పెట్టుకున్నాను. సేఫ్టీ వాల్వు రింగు నెలకోసారి లాగి చూస్తాం. గాలి పైపుతో ఒంటి మీద దుమ్ము దులుపుకోవడం మా షెడ్డులో పూర్తిగా బంద్.

ఇప్పుడు టైర్లకి పిస్టన్, రంగుకి స్క్రూ అని లైన్లు విడగొట్టాం. దాంతో స్క్రూని 8 బార్ నుంచి 6.5కి దించగలిగాం. ఒక బార్ తగ్గిస్తే కరెంటు ఆరేడు శాతం తగ్గుతుంది. నెలకోసారి రాత్రి అన్నీ ఆపి సబ్బునీళ్లతో లీకులు వెతుకుతాం. 7 బార్ దగ్గర 3 మిల్లీమీటర్ల చిల్లు ఇరవై సీఎఫ్‌ఎంకు పైగా పారబోస్తుంది, అంటే మా మిషన్‌లో మూడో వంతు.

మిగతా రకాలు నేను వాడలేదు, దగ్గర్నుంచి చూశాను. బోరు బండ్ల మీద డీజిల్ స్క్రూలు 300 పౌండ్లకు పైన కొడతాయి. రాతిని పొడిచే సుత్తి ఆ గాలితోనే నడుస్తుంది, పొడి కూడా ఆ గాలితోనే పైకొస్తుంది. మందుల కంపెనీలకి ఆయిల్ తగలని మిషన్లు కావాలి. వేల సీఎఫ్‌ఎం ఆగకుండా కావాల్సిన పెద్ద ఫ్యాక్టరీల్లో సెంట్రిఫ్యూగల్ (రెక్కల చక్రం వేగంగా తిరిగి గాలిని నొక్కే రకం) ఉంటుంది. మనలాంటి షెడ్లకి దాని ఊసే అక్కర్లేదు.

గుంటూరులో మా బావకి పప్పు మిల్లు ఉంది. రంగు చూసి చెడ్డ గింజని గాలితో ఊదేసే సార్టింగ్ మిషన్ కొంటూ మొన్న ఫోన్ చేశాడు. "నీ పాత పిస్టన్ ఇచ్చెయ్యి బావా, ఊదడానికేగా" అన్నాడు. అందులో సన్నటి వాల్వులు వరసగా ఉంటాయి, సెకనుకి ఎన్నోసార్లు కొట్టుకుంటాయి. తడిగాలి, ఆయిల్ గాలి తగిలితే ఒక్కొక్కటే అతుక్కుపోతుంది, మంచి గింజతో పాటు చెడ్డదీ వెళ్లిపోతుంది. "రోజుకి పదహారు గంటలు ఆడిస్తానంటున్నావు, పిస్టన్ వద్దు బావా. స్క్రూ, డ్రైయర్, రెండు ఫిల్టర్లు. గది పెద్దది కట్టు, వేడిగాలికి దారి వదులు" అని చెప్పాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా విజయవాడ సింగ్ నగర్‌లో ఒక మిత్రుడి కంప్రెసర్ మోటారు మునిగేదాకా నీళ్లలో ఉంది. అది గుర్తొచ్చి మిషన్ కింద దిమ్మె సంగతీ బావకి చెప్పాను. నేల మీద నుంచి రెండడుగులు లేపి పోయిస్తున్నాడట.