చెక్కపనికి సరే, స్నానాలగదికి ఆలోచించాలి: పాత ఫ్లాట్ మరమ్మతును కంపెనీకి అప్పగిస్తే ఎలా ఉంటుంది

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు ప్రాంతంలో దాదాపు పాతికేళ్ళ కిందట కట్టిన మూడు పడకగదుల ఫ్లాట్‌ను బాగుచేయించే పనిని మేము మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కు, కార్పెంటర్‌కు విడివిడిగా ఇవ్వకుండా, నగరంలో పలు షోరూములున్న ఒక ఇంటీరియర్స్ కంపెనీకి మొత్తంగా అప్పగించాము. వంటగది, రెండు స్నానాలగదులు, వైరింగు, నేల, రంగులు, అల్మరాలు అన్నీ ఒకే ఒప్పందంలో ఉన్నాయి. ఫ్యాక్టరీలో కొలత ప్రకారం తయారై వచ్చి ఇంట్లో బిగించే పనులను ఈ కంపెనీ చక్కగా చేసింది. సిమెంటు, నీళ్ళు, పైపులు కలిసే పనుల్లో మాత్రం మామూలు మేస్త్రీ కంటే మెరుగనిపించుకోలేదు. పైగా ఆ మేస్త్రీతో నేరుగా మాట్లాడి పని చేయించుకునే వీలు కూడా మనకు లేకుండా చేసింది. కంపెనీ పేరు రాయకపోవడానికి కారణం, ఈ తరహా సంస్థల ఒప్పందాలు, పని పద్ధతి చాలావరకు ఒకే తీరుగా ఉండడమే.

షోరూములో మొదట చూపించేవి కంప్యూటర్‌లో గీసిన త్రీడీ బొమ్మలు. అవి అందంగానే ఉంటాయి, కానీ వాటిలో ఏసీ పైపు ఎటు వెళ్తుందో, ఫ్రిజ్ తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో, మిక్సీకి, ఇడ్లీపిండి గ్రైండరుకు ప్లగ్గులు ఎక్కడ వస్తాయో ఉండదు. బట్టలారేసిన తీగ ఉన్న బాల్కనీని ఏ డిజైనరూ ఇంతవరకు గీసి ఉండడు. కాబట్టి బొమ్మ నచ్చిందని సంతకం పెట్టకుండా, కొలతలు వేసిన నక్షాను, స్విచ్చులు, నల్లాల చోట్లు గుర్తించిన నక్షాను విడిగా అడిగి తీసుకోవాలి. మాకు అవి అడిగాకే ఇచ్చారు, కానీ ఇచ్చినవి శ్రద్ధగా గీసినవే. మరో సంగతి, షోరూములో మనతో మాట్లాడే వ్యక్తి, డిజైన్ చేసే వ్యక్తి, ఇంటికి వచ్చి పని చూసే సూపర్‌వైజర్ ముగ్గురూ వేర్వేరు మనుషులు. మొదటివారితో అనుకున్న మాట మూడోవారి దాకా కాగితం మీదైతేనే చేరుతుంది.

కొటేషన్ చదవడానికి ఒక పూట కేటాయించినా తప్పులేదు. చెక్కపనికి ముందువైపు కనిపించే వైశాల్యాన్ని లెక్కగట్టి చదరపు అడుగుకు ఇంత అని ధర వేస్తారు. 7 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న అల్మరా 56 చదరపు అడుగులవుతుంది; అడుగుకు 1,500 రూపాయలనుకుంటే 84,000, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 99,120 రూపాయలు. షోరూములో నోటితో చెప్పేది పన్ను కలపని మొత్తం, మనం కట్టేది పన్ను కలిపిన మొత్తం. ఆ ధరలో లోపలి డ్రాయర్లు, లాకరు, అద్దం, సజ్జ తలుపులు ఉన్నాయో లేవో విడిగా చూసుకోవాలి. మా కొటేషన్‌లో అవన్నీ వేరే పట్టీలో, వేరే ధరలతో ఉన్నాయి. ‘బ్రాండెడ్ ప్లైవుడ్’ అని మాత్రమే రాసి ఉంటే ఏమీ రాయనట్టే లెక్క. పెట్టెలకు ఎన్ని మిల్లీమీటర్ల పలక వాడతారు, వెనకవైపు పలక మందం ఎంత, పైన అతికించే లామినేట్ రేకు మందం ఎంత, తలుపుల కీళ్ళు ఏ కంపెనీవి అన్నది వరుసగా రాయించుకోవాలి. సింకు కింది పెట్టెలకైతే ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అని స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే ఆ రకాన్ని 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పరీక్షించే ప్రమాణం ఉంది. చెక్కపొడిని అదిమి చేసిన పలకలు పడకగదిలో పరవాలేదు గాని, సింకు కింద నీటిబొట్టు తగిలితే ఉబ్బుతాయి. ఈ మార్పులన్నీ కోరినప్పుడు కంపెనీ వారు విసుక్కోలేదు, ధర పెరిగిన చోట ఎందుకు పెరిగిందో వివరంగా చూపించారు. ఈ విషయంలో వారిని మెచ్చుకోవాలి.

చెల్లింపుల వరుస మాత్రం పూర్తిగా వారికే అనుకూలంగా రాసుకున్నారు. బుకింగ్‌కు 10 శాతం, డిజైన్ ఖరారయ్యాక 40 శాతం, ఫ్యాక్టరీ నుంచి సరుకు బయలుదేరేముందు 45 శాతం, అప్పగించేటప్పుడు 5 శాతం. అంటే ఇంట్లో ఒక్క అల్మరా కూడా నిలబడకముందే 95 శాతం డబ్బు వారి చేతికి వెళ్తుంది. ఆ తర్వాత మన ఫోనుకు వచ్చే జవాబు వేగం తగ్గితే ఆశ్చర్యపోనక్కర్లేదు. చాలాసేపు మాట్లాడాక చివరి వాయిదాను 10 శాతానికి పెంచి, స్నానాలగదుల పనికి విడిగా దశలవారీ చెల్లింపు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆ తర్వాత జరిగిన ప్రతి వాదనలోనూ మాకు ఉపయోగపడింది ఈ రెండు మార్పులే.

పగలగొట్టే దశ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. స్తంభాలు, దూలాలు ముట్టుకోకుండా వంటగదికి, భోజనాల గదికి మధ్యనున్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను మాత్రమే తీశారు. తీసేముందు ఇంజనీరు వచ్చి చూసి రాతపూర్వకంగా ఇచ్చాడు. అయితే శిథిలాల తరలింపు అని కొటేషన్‌లో ఉన్న ఖర్చు, కిందనున్న గేటు వరకు దించడానికి మాత్రమేనట. అక్కడి నుంచి బండికి వేరే లెక్క. హైదరాబాద్‌లో ఇలాంటి వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రాలు జీడిమెట్లలోనూ, ఫతుల్లాగూడలోనూ ఉన్నా, ఎవరూ గట్టిగా అడగకపోతే ఆ బస్తాలు దగ్గర్లోని ఖాళీ స్థలంలోకి చేరడమే రివాజు. ఎక్కడికి తీసుకెళ్తారో ఒప్పందంలోనే రాయించడం మంచిది.

వైరింగు పని నిజంగా బాగా చేశారు. పాత ఇంట్లో గీజరుకు, లైట్లకు దాదాపు ఒకే మందం వైరు నడిచేది, ఎర్తింగు కొన్ని ప్లగ్గులకు పేరుకే ఉండేది. ఇప్పుడు లైట్లకు 1.5, మామూలు పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీలకు, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు వేసి, ఒక్కొక్క దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్చు), మొత్తానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) బిగించారు. దేనికి ఏ స్విచ్చో పెట్టె లోపల తెలుగులో చీటీ కూడా అంటించారు, ఇది మేము అడగని సౌకర్యం.

అసలు చిక్కంతా స్నానాలగదుల్లో వచ్చింది. పాత అపార్ట్‌మెంట్లలో స్నానాలగది స్లాబును కిందికి దించి, ఆ గుంతను ఇటుక ముక్కలతో, సిమెంటుతో నింపి, పైన టైల్స్ పరుస్తారు. ఏళ్ళు గడిచాక ఆ పూడిక నీళ్ళు పీల్చి, కింది ఇంటి కప్పుకు మరకలు దిగుతాయి. టైల్స్ మార్చినంత మాత్రాన ఇది పోదు. పూడికను తవ్వి అసలు స్లాబు దాకా వెళ్ళి, శుభ్రం చేసి, మూలల్లోనూ, పైపులు స్లాబును దాటే చోట్లలోనూ ప్రత్యేకంగా పూడ్చి, ఆపైన వాటర్‌ప్రూఫింగ్ పూతను నేల మీదే కాక గోడల మీద కనీసం అడుగు ఎత్తు వరకు వేయాలి. అది ఆరాక నేల మీది నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాప్‌ను మూసి, 48 గంటలు నీళ్ళు నిలబెట్టి, కింది ఇంట్లోకి వెళ్ళి కప్పు చూసిన తర్వాతే టైల్స్ మొదలుపెట్టాలి. ఒప్పందంలో ఈ వరుస అంతా ఉంది. పని జరిగే చోట మాత్రం సూపర్‌వైజర్ తన గడువు పట్టీని పట్టుకుని, పూత ఆరీ ఆరకముందే టైల్స్ వేయమని తొందరపెట్టాడు. పాలమూరు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ ఒకాయన, “నీళ్ళు నిలబెట్టకుండా నేను వెయ్య సార్, రేపు కింద కారితే తిట్లు పడేది నాకే” అని పని ఆపి కూర్చున్నాడు. ఆయన మాటే నెగ్గింది. నీళ్ళు నిలబెడితే ఒక గదిలో పైపు చుట్టూ చెమ్మ కనిపించింది; ఆ చోట తిరిగి తవ్వి, పూడ్చి, మళ్ళీ నీళ్ళు నిలబెట్టారు. ఆ పూట ఆ మేస్త్రీ లేకపోతే టైల్స్ కింద ఆ తప్పు కప్పబడిపోయేది. కంపెనీకి నేను తగ్గించే మార్కులన్నీ ఇక్కడివే, ఎందుకంటే రాతలో ఉన్న పరీక్షను చేయించే బాధ్యత సూపర్‌వైజరుదే గాని కూలికి వచ్చిన మనిషిది కాదు. నేల వాలు కూడా రెండో గదిలో సరిగా రాలేదు. బకెట్ నీళ్ళు పోసి చూపించాక, ఒక వరుస టైల్స్ తీసి మళ్ళీ వేశారు. బోరు నీటిలో ఉప్పు ఎక్కువగా ఉండే మా ప్రాంతంలో టైల్స్ సందులకు సిమెంటు గ్రౌట్ కొద్ది నెలల్లోనే తెల్లబడుతుంది కాబట్టి, ఖర్చు ఎక్కువైనా సిమెంటుకు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ వేయించుకున్నాం, అది నిలబడింది.

వంటగదిలో జరిగిన పొరపాటు వేరే రకం. ఫ్యాక్టరీ పెట్టెలకు కొలతలు లేజరుతో కచ్చితంగానే తీశారు, కాని పాత టైల్స్ తీసేసి కొత్తవి అతికించకముందే తీశారు. గోడలకు రెండువైపులా కొత్త గచ్చు, టైల్స్ మందం చేరేసరికి ఒక మూల పెట్టె పట్టలేదు. ఎంత కచ్చితమైన యంత్రమైనా వంకర గోడకు వచ్చి ఆగవలసిందే. దాన్ని కోసి సర్దుతామని బిగించే వారు అన్నారు. మేము ఒప్పుకోకపోవడంతో కంపెనీ తన ఖర్చుతోనే కొత్త పెట్టె చేయించి తెచ్చింది. ఈ సర్దుబాటు వారి పేరు నిలబెట్టింది. అదే పని విడిగా కార్పెంటర్‌కు ఇచ్చి ఉంటే అక్కడికక్కడే కోసి సర్దేవాడు, రెండోసారి ప్లైవుడ్ ఖర్చు మనమే పెట్టుకోవలసి వచ్చేది. బిగింపు పూర్తయ్యాక తలుపుల మధ్య సందులు సమంగా, డ్రాయర్లు చప్పుడు లేకుండా, పలకల అంచులకు అతికించే బ్యాండు ఎక్కడా లేవకుండా ఉన్నాయి. ఇంటి దగ్గర కూర్చుని చేసే చెక్కపనిలో ఈ నున్నదనం చాలా అరుదు.

గడువు విషయంలో వారు చెప్పింది దసరా, జరిగింది సంక్రాంతి. ఇందులో కొంత ఆ పెట్టె తిరిగి తయారు కావడానికి, కొంత స్నానాలగదికి పట్టింది. మిగతాది మనుషులు దొరకకపోవడం వల్ల జరిగిన ఆలస్యం. మా ఇంట్లో చెక్కపని బిగించేవారంతా ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి వచ్చినవారు. దీపావళికి ఊరు వెళ్ళి, ఛఠ్ పూజ ముగిశాక గాని తిరిగి రారు. అది వారి తప్పు కాదు, గడువు రాసిన వారికి క్యాలెండరు తెలియకపోవడం తప్పు. దానికి తోడు మా అపార్ట్‌మెంట్ సంఘం ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకే పగలగొట్టే చప్పుళ్ళను అనుమతిస్తుంది, ఆదివారాలు పూర్తిగా సెలవు. కొటేషన్ వేసేటప్పుడు ఈ నియమాల సంగతి అడిగిన వారు లేరు. ఆలస్యమైతే వారానికి ఇంత తగ్గింపు అన్న నిబంధనను మేము ముందే రాయించినందున చివరి బిల్లులో ఆ మేరకు కోత పడింది. పెద్ద మొత్తం కాదు గాని, మాట్లాడకుండా ఇచ్చారు.

అప్పగింత రోజున ఒక పట్టిక పట్టుకుని గదిగదికీ తిరగాలి. టైల్స్‌ను నాణెంతో తట్టి బోలు శబ్దం వస్తుందేమో చూడాలి, అన్ని నల్లాలూ ఒకేసారి తెరవాలి, ప్రతి ప్లగ్గులో టెస్టర్ పెట్టాలి, రంగుల్ని రాత్రి వెలుతురులో కూడా చూడాలి, ఎందుకంటే పుట్టీ ఎగుడుదిగుళ్ళు పగలు దాక్కుంటాయి. మేము రాసిన లోపాల్లో చాలావాటిని వారంలోపే సరిచేశారు, ఒక పడకగది పైకప్పు రంగు తేడా మాత్రం రెండుసార్లు వేసినా పూర్తిగా పోలేదు. చెక్కపనికి పదేళ్ళ వారంటీ రాసి ఇచ్చారు, అయితే అది తయారీ లోపాలకే. నీటి వల్ల, చెదల వల్ల కలిగే నష్టం దాని కిందికి రాదు. స్నానాలగదుల వాటర్‌ప్రూఫింగ్‌కు మొదట ఏడాదే అన్నారు, రెండు వర్షాకాలాలైనా దాటాలని పట్టుబడితే మూడేళ్ళకు ఒప్పుకున్నారు. ఈ కాగితాలు, జీఎస్టీ బిల్లులు, చెల్లింపుల రసీదులు ఒకచోట ఉండాలి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు గాని, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు గాని వెళ్ళినప్పుడు నోటిమాట నిలవదు. వీటన్నిటికంటే నాకు విలువైనదిగా తోచింది, ప్లాస్టరింగుతో మూయకముందు గోడల్లో వైర్లు, పైపులు వెళ్ళే దారుల ఫోటోలు. కంపెనీ వాటిని తన రికార్డు కోసం తీసుకుంటుంది, అడిగితే ఇస్తుంది. ఆ ఫోటోలు చూసుకున్నాకే ఇప్పుడు పటం తగిలించడానికైనా గోడకు మేకు కొడుతున్నాం.